మార్చి దాటనీయండి

మీకో లేతు షాపు ఉందనుకోండి. బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో, ఎక్కడైనా సరే. ఓ పెద్ద కంపెనీకి బుష్‌లు చేసిచ్చారు. సరుకు వెళ్లింది, బిల్లూ వెళ్లింది. ఆ బిల్లు మీద జీఎస్టీ మీ జేబులోంచి కట్టేశారు కూడా. డబ్బు మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే "బిల్లు అకౌంట్స్‌లో ఉందండీ" అంటారు. ఇంకో వారానికి చేస్తే "సంతకం పెట్టే సారు టూర్‌లో ఉన్నారు". జనవరి వచ్చిందంటే ఇక ఒకటే పాట: "మార్చి దాటనీయండి, చూద్దాం." ఏ సంవత్సరం మార్చో చెప్పరు!

మీరు నవ్వుతున్నారంటే ఈ మాట మీరూ విన్నారన్నమాట. సరే, కుర్చీ దగ్గరికి లాక్కోండి. ఈ విషయంలో చట్టం మీ పక్షానే ఉంది. మామూలుగా కూడా కాదు, కాస్త మొండిగానే ఉంది.

చిన్న పరిశ్రమలకు బాకీ ఆలస్యమైతే వడ్డీ ఇవ్వాలన్న చట్టం 1993లోనే వచ్చింది. దాన్ని తీసేసి 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టంలో కలిపారు. అందులో చెప్పేది ఇదీ: రాతపూర్వకంగా గడువు పెట్టుకోకపోతే సరుకు అందిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. పెట్టుకుంటే ఆ గడువు 45 రోజులు మించకూడదు. "మా కంపెనీ పద్ధతి 90 రోజులండీ" అని ఆర్డరు మీద అచ్చు వేసుకున్నా చెల్లదు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 6 శాతం అనుకోండి, వడ్డీ 18 శాతం అవుతుంది. 4 లక్షల బిల్లు ఏడాదిపాటు ఆపితే వడ్డీయే 78 వేలు దాటుతుంది. పైగా ఆ వడ్డీని ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకునే వీలు అవతలివాడికి లేదు.

ఇవ్వకపోతే? రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటుచేసిన ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. ముందు రాజీ చేస్తుంది, కుదరకపోతే మధ్యవర్తిత్వంలో పెట్టి తీర్పు ఇప్పిస్తుంది. చట్టం ప్రకారం ఇదంతా 90 రోజుల్లో తేలాలి. ఆచరణలో సాగుతుంది, అది వేరే సంగతి. నాకు బాగా నచ్చిన సెక్షన్ మాత్రం 19. ఆ తీర్పును సవాలు చేస్తూ కొనుగోలుదారు కోర్టుకెక్కాలంటే ముందు 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలి. "కోర్టులో చూసుకుందాం" అనే బెదిరింపు ధర ఒక్కసారిగా ఎంత పెరిగిపోయిందో చూశారా!

ఇంత ఉన్నా మన లేతు షాపాయన వెళ్లడు. ఎందుకో మీకూ తెలుసు. వెళ్తే ఈ 4 లక్షలు వస్తాయి, వచ్చే ఏడాది ఆర్డరు పోతుంది. అవతలివాడు ఒక్కడే పెద్ద ఖాతాదారు. నలుగురు కుర్రాళ్లకు జీతాలివ్వాలి. అందుకని చట్టం పుస్తకంలో ఉంటుంది, బిల్లు అకౌంట్స్‌లో ఉంటుంది. దీన్ని పిరికితనం అనలేను. ఒంటరిగా ఉన్నవాడి లెక్క అది, ఆ లెక్కలో తప్పేమీ లేదు.

ఢిల్లీవాళ్లకూ ఇది తెలిసినట్టుంది. అందుకే 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బి (హెచ్) అనే క్లాజు తెచ్చారు. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బు గడువు దాటాక కూడా, మార్చి 31కి ఇవ్వకుండా ఉంచుకుంటే, ఆ కొనుగోలు ఆ ఏడాది ఖర్చుగా లెక్కకు రాదు. దాని మీద పన్ను కట్టుకోవాల్సిందే. ఎప్పుడు చెల్లిస్తే అప్పుడే ఖర్చు. అంటే "మార్చి దాటనీయండి" అన్నవాడికే మార్చి దాటితే చేతి చమురు వదులుతుంది! మీరు ఫిర్యాదు చేయనక్కర్లేదు, వాళ్ల ఆడిటరే అడుగుతాడు. కానీ దీనికీ విరుగుడు వెతికారు. కొందరు కొనుగోలుదారులు చిన్నవాళ్లను వదిలి మధ్యతరహా సంస్థల దగ్గరికి పోయారు, మధ్యతరహాకు ఈ నియమం వర్తించదు కదా. బట్టల వ్యాపారంలో అయితే అరువు నెలల తరబడి నడుస్తుంది గనక దీన్ని వాయిదా వేయమని వ్యాపారుల సంఘాలే కేంద్రానికి విన్నపాలు పెట్టుకున్నాయి.

రెండు చిక్కులు ముందే చెప్పాలి. ఇదంతా ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉన్నవాళ్లకే. 2020 జూలైలో వచ్చిన ఆ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. వెయ్యో రెండు వేలో అడిగేవాడు బ్రోకరు. సరుకు ఇచ్చి, గొడవయ్యాక తీరిగ్గా రిజిస్టర్ చేసుకుంటే పాత బాకీకి పనికిరాదని 2022లో మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ మాట మీద తర్వాత మళ్లీ చర్చ నడిచింది గానీ, మనకెందుకా గొడవ, ముందే చేసుకోండి. రెండోది, కిరాణా, హోల్‌సేల్ వ్యాపారులకూ 2021 నుంచి ఉద్యమ్ ఇస్తున్నారు. అది బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్యం కోసమే, ఈ బాకీ వసూలు హక్కు దానితో రాదు.

మళ్లీ ఒంటరివాడి దగ్గరికొద్దాం. కౌన్సిల్‌కు ఫిర్యాదు మీ పేరుతోనే పెట్టాలి, తప్పదు. కానీ మొదటి ఉత్తరం మీ షాపు పేరుతో వెళ్లనక్కర్లేదు కదా! పారిశ్రామికవాడ సంఘం లెటర్‌హెడ్ మీద, "మా సభ్యులకు మీ కంపెనీ నుంచి రావాల్సిన బాకీలు ఇవీ" అని పది మందివీ కలిపి వెళ్తే, ఎవరి మీద కక్ష తీర్చుకుంటారు? కౌన్సిల్ ఎలా ఉండాలో చెప్పే సెక్షన్ చదివారా? అధ్యక్షుడు పరిశ్రమల శాఖ అధికారి. సభ్యుల్లో రాష్ట్రంలోని చిన్న పరిశ్రమల సంఘాల ప్రతినిధులకూ చోటుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదా, ఇక్కడ చట్టమే మనవాణ్ని వడ్డించే చోట నిలబెట్టింది. ఆ కుర్చీలో మీ సంఘం తరఫున ఎవరు కూర్చున్నారో ఎప్పుడైనా అడిగారా?

అసలు మన సంఘాలతో నా పేచీ అదే. మంత్రిగారికి బొకే ఇచ్చి ఫొటో దిగడంలో చూపే చురుకు కాగితం పనిలో ఉండదు. కాగితం పెట్టి అడగాల్సినవి, రాష్ట్రాల చేతుల్లో ఉన్నవి మరి చాలానే ఉన్నాయి. జగ్గయ్యపేటలో సరుకులమ్మే దుకాణదారుకు ఏడాదికి 40 లక్షల అమ్మకాలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాస్త దూరంలోని కోదాడలో 20 లక్షలకే కావాలి. 2019లో కేంద్రం పరిమితి పెంచినప్పుడు రాష్ట్రాలకు ఎంచుకునే వీలిచ్చారు. ఆంధ్రప్రదేశ్ 40 తీసుకుంది, తెలంగాణ 20 దగ్గరే ఆగింది. దాని వెనక ఖజానా లెక్క ఉండొచ్చు, నేను కాదనను. అయినా కోదాడ దుకాణదారులు ఆ లెక్క చూపించమని అడగొచ్చు కదా.

ఇంకొకటి కరెంటు. మిషన్ తిరిగినా తిరగకపోయినా ఫిక్స్‌డ్ ఛార్జీ పడుతుంది. 2020 లాక్‌డౌన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న పరిశ్రమలకు మూడు నెలల ఫిక్స్‌డ్ ఛార్జీలు మాఫీ చేసిందంటే, పరిశ్రమలవాళ్లు మొత్తుకోబట్టే. మామూలు రోజుల్లో మొత్తుకోవడానికీ ఓ చోటుంది. కరెంటు పంపిణీ సంస్థలు (డిస్కంలు) ఏటా కొత్త రేట్ల ప్రతిపాదన విద్యుత్ నియంత్రణ కమిషన్ ముందు పెడతాయి. కమిషన్ నోటీసిచ్చి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణ పెట్టాకే ఆర్డరిస్తుంది. 1917 నుంచి నడుస్తున్న హైదరాబాద్ వాణిజ్య మండలి, ఇప్పటి ఎఫ్‌టీసీసీఐ, అంకెలతో సహా అభ్యంతరాలు వేస్తూ ఉంటుంది. దానికి నిపుణులున్నారు, మీకు లేరు, నిజమే. కానీ మీ ఆటోనగర్ ట్రాన్స్‌ఫార్మర్ వారానికెన్నిసార్లు కాలిందో ఆ నిపుణులకు తెలియదు. రెండు పేజీల ఉత్తరం చాలు, తెలుగులోనే రాయొచ్చు, విచారణలో తెలుగులోనే మాట్లాడొచ్చు. నోటీసు దినపత్రికలో వస్తుంది, సన్నటి అక్షరాల్లో. సాధారణంగా చలికాలంలో. ఆ రోజుల్లో పేపరు పొట్లాలకు చింపేముందు ఒకసారి తిరగేయమని కుర్రాళ్లకు చెప్పి ఉంచండి.