నల్లరేగడి సముద్రయానం

గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టి, 1,465 కిలోమీటర్లు నడిచి, బంగాళాఖాతంలో కలుస్తుందని మన పిల్లలు కూడా గడగడా అప్పజెబుతారు. కలిసిన తరువాతి సంగతి ఎవరూ అడగరు. నీళ్ళు నీళ్ళలో కలిసినవి, సరే. ఆ నీళ్ళు మోసుకుపోయిన మట్టి ఏమైనట్టు? ఆషాఢ శ్రావణాలలో మా నాందేడు రేవుల దగ్గర నిలబడి చూచినవారికి ఈ ప్రశ్న తోచక మానదు. అప్పుడు నదిలో పారేదానిని నీరనడానికి నోరు రాదు. చిక్కగా కలిపిన కళ్ళాపినీళ్ళలాగా ఉంటుంది. అదంతా ఎవరో ఒకరి చేనిదే గదా!

ఈ మట్టి చివరకు చేరిన చోటు నుంచి పైకి వచ్చిన బురదను పొర పొరగా చదివిన శాస్త్రజ్ఞుడొకరు ఉన్నారు. పేరు లివియు జియోసాన్. పుట్టినది రుమేనియా దేశం. ఈ పరిశోధన సాగించినది అమెరికాలో వుడ్స్ హోల్ అనే సముద్రతీరపు ఊళ్ళో ఉన్న సముద్రశాస్త్ర సంస్థలో. సింధునది గూర్చి, డాన్యూబు నది గూర్చి కూడా ఆయన చాలా పనిచేశారు. విశాఖపట్నంలో భూగర్భశాస్త్రం చదువుతున్న మా మేనల్లుడు ఉగాదికి వచ్చినప్పుడు ఈ కథ ఎత్తుకున్నాడు. మేము మెట్రిక్కుతో చదువు చాలించి గుమాస్తాపనిలో చేరినవారము. వాడు చెప్పినదానిని ఆఫీసులో మరాఠీ మిత్రులకు చెప్పడం, వారు వేసిన ప్రశ్నలను ఇంటికి తెచ్చి మళ్ళీ వాడినే అడగడం, ఇట్లా నాలుగు రోజులు గడిచేసరికి సంగతి ఒక మోస్తరుగా మా బుర్రకెక్కినది.

2006లో మన ప్రభుత్వం సముద్రం అడుగున ఇంధనం వెదకడానికి జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు ఓడను తెప్పించినది. (ఆ ఓడ 2024లో పని చాలించినదట.) సముద్రపు లోతులలో చలికీ ఒత్తిడికీ మీథేను వాయువు నీటితో కలిసి మంచులాగా గడ్డకట్టి ఉంటుంది. చూడబోతే మంచుగడ్డే, కాని అగ్గిపుల్ల గీస్తే మండుతుంది! దానికోసం కృష్ణా గోదావరుల ఎదుట సముద్రంలో గొట్టాలు దించారు. ఒకచోట ఆ గడ్డలున్న పొర 128 మీటర్ల మందాన దొరికినది. అది పెద్దల వ్యవహారం. మనకు కావలసినది ఆ పనిలో పైకి వచ్చిన బురద. గోదావరి ముఖద్వారానికి ఎదురుగా, 1,200 మీటర్లకు పైగా నీరున్న చోట తీసిన ఒక గొట్టంలో సుమారు 11,000 సంవత్సరాల మట్టి పేరుకుని ఉన్నది. కింద పాతది, పైన కొత్తది, మా ఆఫీసు దస్త్రాల కట్టలాగానే. కాకపోతే మా కట్టలో మధ్య కాగితాలు అప్పుడప్పుడు మాయమవుతుంటాయి.

బురదలో చదవడానికి ఏముంటుందని మేము అడిగినాము. "ఆకులుంటాయి మామయ్యా" అన్నాడు వాడు. ఆకులంటే ఆకులు కావు, ఆకుల మీది మైనం. చామాకు మీద నీటిబొట్టు నిలువక జారిపోవడం ఎరగనివారు లేరు. ఆ నునుపు మైనానిదే. ఆకు కుళ్ళిపోయినా ఆ మైనం అంత త్వరగా కుళ్ళదు. మట్టిరేణువును అంటిపెట్టుకుని వాగులో పడి, నదిలో పడి, సముద్రం అడుగు చేరుతుంది. ఇక అందులోని కర్బనం రెండు రకాలు: తేలికది, కాస్త బరువైనది. వేప, టేకు వంటి చెట్లు, వరి కూడా, ఆ బరువైనదానిని బాగా తగ్గించి తీసుకుంటాయి. జొన్న, సజ్జ, వేడిదేశాల గడ్డిజాతులు అంత పట్టింపు చూపవు. కనుక మైనంలో ఆ రెంటి పాళ్ళు తూచితే, అది రాలిన రోజులలో గోదావరి దేశం ఎక్కువగా పచ్చని అడవిగా ఉండెనా, ఎండకు ఓర్చే గడ్డీ తుప్పలూ ఉండెనా అన్నది తెలుస్తుంది. ఏదో ఒక్క ఊరి సంగతి కాదు. నాసిక్ మొదలు బస్తరు దాకా ఉన్న నేలంతా కలిసి ఇచ్చిన వాఙ్మూలం అది.

ఆ బురదలోనే ఫొరామినిఫెరా అనే ప్రాణుల గుల్లలు కూడా ఉన్నవి. ఇసుకరేణువంత జీవి. సముద్రపు పైనీటిలో తేలుతూ, నీటిలోని సున్నంతో తన ఇల్లు తానే కట్టుకుంటుంది. చచ్చిన తరువాత ఆ ఇల్లు మెల్లగా అడుగుకు దిగుతుంది. నదులు నిండుగా వచ్చి సముద్రం మీద మంచినీరు పరచుకున్న సంవత్సరాలలో కట్టిన గుల్లకూ, నదులు సన్నగిల్లి ఉప్పదనం పెరిగిన సంవత్సరాలలో కట్టిన గుల్లకూ లోపలి ప్రాణవాయువు తీరు వేరు. వానలెట్లా పడినవో ఏ శాసనమూ చెప్పని కాలం గూర్చి ఈ నలుసులు చెబుతున్నవి. ఈ కథ అంతటిలో మాకు అన్నిటికన్న ముచ్చటగా తోచినది ఇదే. మా ఆవిడ మాత్రం, "ఇంటికి అద్దె కూడా లేదు కాబోలు" అన్నది.

కమీలో పాంటన్, జియోసాన్ ప్రభృతులు ఈ సాక్ష్యాలు కలిపి 2012లో ప్రచురించారు. ఇప్పటికి సుమారు 4,000 సంవత్సరాల కిందట మధ్యభారతం ఎండబారడం మొదలైనది. 1,700 సంవత్సరాల కిందటి దాకా ఎండకోర్చే మొక్కలు మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చినవి. ఆ తరువాత వాటిదే రాజ్యం. గడచిన 3,000 ఏళ్ళలో, అందులోనూ 1,700 ఏళ్ళ నుంచి, బంగాళాఖాతం మునుపెన్నడూ లేనంత ఉప్పబారిన సందర్భాలున్నవి. అంటే వానలు చాలాసార్లు గట్టిగా మొహం చాటేసినవన్నమాట. దక్షిణదేశంలో చెరువులూ ఆనకట్టలూ అంతగా వ్యాపించడానికి ఇదే కారణమై ఉండవచ్చునని కూడా వారు అన్నారు. "ఉండవచ్చు" అనే అన్నారు, మేము దానిని పెంచి చెప్పడం లేదు. మా జిల్లాలో కంధారు దగ్గర రాష్ట్రకూటులనాటి జగత్తుంగ సముద్రం, ఓరుగల్లు సీమలో కాకతీయులనాటి రామప్ప, పాకాల చెరువులు మనం ఎరిగినవే. వాటిని రాజుల ధర్మకార్యాలుగా లెక్కించడం మనకు అలవాటు. కడుపుమంట కూడా అందులో ఉన్నదని ఈ బురద గుర్తుచేస్తున్నది.

అసలు విశేషం 2017లో వచ్చినది. వానలు తగ్గితే నదులు తగ్గుతాయి, నదులు తగ్గితే మట్టి పోవడమూ తగ్గుతుంది: ఇది మా లెక్క, మా ఆఫీసులో అందరి లెక్కా ఇదే. బురద లెక్క తలకిందులుగా ఉన్నది. వానలు సన్నగిల్లిన కాలంలోనే మట్టి మరింతగా కొట్టుకుపోయినది. కారణం వింటే తేలిక. వానలు తగ్గడమంటే బొత్తిగా మానడం కాదు. పడినప్పుడు పడుతూనే ఉంటవి. అయితే ఈలోగా చెట్టూ చేమా ఎండి నేల బోసిపోయి ఉంటుంది. ఆ బోసినేల మీద నాలుగు జడివానలు చాలు. పైగా మట్టితోపాటు సముద్రం చేరిన కర్బనం రానురాను పాతదయినదట, అనగా వాన పైపై దుమ్మునే గాక చాలా కాలంగా నేలలో నిలవ ఉన్న సత్తువను కూడా తోడుకుపోయినదన్నమాట.

ఆ మట్టి ఎవరిదని కూడా తేల్చారు. మన మహారాష్ట్రపు నల్లరాయి సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట ఉబికి పారిన లావా. అది చివికి నల్లరేగడి అయినది. గోదావరి పరీవాహకంలో ఇంచుమించు సగం ఇదే. కిందికిపోతే ఇంద్రావతి, శబరి తెచ్చే మట్టి అంతకన్న ఎన్నో రెట్లు ముసలి రాళ్ళది. నియోడిమియం అనే లోహం తీరును చూచి ఈ రెంటినీ వేరుచేస్తారు, మనవాడు నోరు విప్పగానే నాందేడు తెలుగా కాకినాడ తెలుగా చెప్పినట్టు. అట్లా చూస్తే, ఆ తరువాతి కాలంలో దక్కను మట్టి పాలు పెరిగినది. ఎండబారడం మొదట ప్రకృతి చేసిన పని. ఆపైన దక్కనులో సేద్యం మొదలై, ఇనుము చేతికి వచ్చాక నాగలి విస్తరించి, దానికి తోడుపడినది.

మరాఠీలో మట్టి కొట్టుకుపోవడాన్ని 'ధూప్' అంటారు. తెలుగుచెవికి అది సాంబ్రాణి పొగ. చిన్నప్పుడు బడిలో "జమినీచీ ధూప్" అని చదివి, భూమికి ధూపం వేస్తారు కాబోలని మేము భక్తిగా వ్రాసుకున్నాము.

ఇంతకూ ఈ సముద్రపు బురద మా ఇంట్లో తగవుకు వచ్చినది. నదికి కాస్త ఎగువన మా నాన్నగారి మూడెకరాల నల్లరేగడి ఉన్నది. అన్నయ్య సాగుచేస్తాడు. అందులో రెండు అడ్డగట్లు ఉన్నవి. 1972 కరువులో మా నాన్నగారు సర్కారువారి కరువుపనులకు వెళ్ళి, అక్కడ గట్లు వేయడం చూచి, మరుసటి ఏడు మా చేలో తానే వేశారు. ఆ కరువు తరువాత పడిన మొదటి వానలకు చేను దిగువమూల మోకాలిలోతు గండి పడినదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. చేలో పచ్చటి పోచ లేని ఏడు అది. అడుగుగట్టు మీద ఆరు వేపచెట్లు నాటినదీ అప్పుడే.

ఈ ఎండాకాలం జేసీబీ పిలిపించి రెండు గట్లూ తీయించాలని అన్నయ్య నిశ్చయం. ఆయన వాదం తేలికగా తీసిపారవేసేది కాదు. ట్రాక్టరు తిరగడానికి గట్లు అడ్డం. వేపనీడకు నాలుగు సాళ్ళ సోయా ఎదగదు. పెద్దమ్మాయి పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు. చేలో వంగేది ఆయన నడుము, మాది కాదు. మేము నెలజీతం మీద కూర్చుని చెట్ల మహిమ చెప్పడం ఎంతవరకు బాగుంటుంది?

అయినా ఉగాది మరునాడు మేనల్లుడిని వెంటబెట్టుకుని వెళ్ళి చెప్పినాము. అన్నయ్య చుట్ట ఆరిపోయేదాకా విన్నాడు. "నాలుగువేల ఏళ్ళనాటి మట్టి సంగతి నాకెందుకురా? ఈ ఏడు సోయా ధర ఎంతో ఆ సముద్రంలో వ్రాసి ఉన్నదా?" అన్నాడు.

"లేదు పెద్దమామయ్యా. గట్ల మాట కూడా వ్రాసి లేదు. బోసినేల మీద వాన పడితే ఏమవుతుందో అంతే ఉన్నది" అన్నాడు వాడు. నిజమే చెప్పాడు. ఆ నిజాయితీకి మాకు సంతోషమూ కలిగినది, కాస్త కోపమూ వచ్చినది.

అన్నయ్య ఊరుకోలేదు. "మట్టి పోతే కింద మన తెలుగువాళ్ళకే గదా మేట వేసేది? పోనీయి" అన్నాడు. దానికీ వాడి దగ్గర జవాబున్నది. ఇప్పుడు అక్కడికీ సరిగా చేరడం లేదు. పైఠణు దగ్గర జాయక్‌వాడీ, కింద పోచంపాడు, ఇట్లా ఆనకట్టల వెనుకనే చాలావరకు పూడికగా నిలిచిపోతున్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం, 1970 ప్రాంతాలలో గోదావరి ఏటా మోసిన ఒండ్రు సుమారు 15 కోట్ల టన్నులు. 1990 ప్రాంతాలకు అది 6 కోట్ల లోపుకు దిగినది. అక్కడ డెల్టా అంచును సముద్రం కోస్తున్నది. అంటే మాకు పోయినది వారికి దక్కడం లేదు.

అన్నయ్య కాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి చేను దిగువమూలకు వెళ్ళాడు. మేమూ వెళ్ళినాము. గట్టుకు పైవైపున నేల, కిందివైపు నేలకన్న ఎంత ఎత్తున ఉన్నదో కాలితో చూపించి, "మూరెడు" అన్నాడు. అది నాన్నగారు గట్టు వేసిన నాటి నుంచి ఆగిన మట్టి. మాకు ఆ మాట చెప్పడానికి ఎవరూ సముద్రానికి పోనక్కరలేకపోయినది.

మొన్న జేసీబీవానికి ఫోను చేసి, పైగట్టు ఒక్కటే తీయమన్నాడట. అడుగుగట్టు సంగతి వానలు చూచాక ఆలోచిస్తాడట. వేపకొమ్మలు మాత్రం ఈ వారమే కొట్టించాలని వదిన పట్టుపట్టినది. దానికి మేము అడ్డు చెప్పలేదు.