అన్న బండిలో డబ్బా

గోడపత్రికకు ఏదైనా రాయమని మేడమ్ అడిగితే నాకు మొదట తోచింది మా నాయన షెడ్డే. కోయంబత్తూరులో మా తాత కాలం నుంచి మాది మోటారు పని. ఇంట్లో తెలుగు, షెడ్డులో తమిళం, బిల్లు పుస్తకంలో ఇంగ్లీషు. సెలవులొస్తే ఆ బిల్లు పుస్తకం నాది.

పోయిన ఏడు మా పెద్దనాయన కొడుకు ఒక పాత టర్బో పెట్రోలు కారు కొన్నాడు. వారం తిరక్కుండానే దానికి ఆయిల్ క్యాచ్ క్యాన్ పెట్టమని వచ్చాడు.

"పెడితే పికప్ పెరుగుతుంది చిన్నాయనా."

"డబ్బాతో పికప్ పెరిగేదైతే కంపెనీవాడే పెట్టి అమ్మేవాడు గదరా!"

అంతే, మూడు వారాలు ఇద్దరికీ మాటల్లేవు. అన్న భోజనానికి రాకపోతే మా ఇంట్లో ఆదివారం ఆదివారంలా ఉండదు. అవ్వ కూడా మొహం ముడుచుకునే ఉంది.

ఆ డబ్బా ఏమిటో తెలియనివాళ్ళకు చెప్తాను. ఇంజిన్‌లో పెట్రోలు మండినప్పుడు పొగంతా సైలెన్సర్ దారే పట్టదు. కొంచెం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే చోటికి జారుతుంది. అక్కడే ఉంచితే ఒత్తిడి పెరిగి సీళ్ళు కారతాయి. ఒకప్పుడు గొట్టం పెట్టి రోడ్డు మీదికి వదిలేసేవాళ్ళట. 1960లలో అమెరికాలో కాలుష్యం గురించి పట్టుబట్టాక, ఇంజిన్ పీల్చే గాలిలోకే దాన్ని తిప్పి పంపడం మామూలైంది. దాంతోపాటు ఆయిల్ తుంపర కూడా పోతుంది. ఆ దారి మధ్యలో పెట్టేదే ఈ డబ్బా. కూరగిన్నె మూతకు ఆవిరి తగిలి నీళ్ళయినట్టు, లోపలి జల్లెడకు తగిలి ఆయిల్ చుక్కలై అడుగుకు దిగుతుంది.

నేను అన్న పక్షం. రేసు కార్లకు అది ఉండాలనే రూలు ఉంది కదా అని నాయనతో వాదించాను. మా ఊరి పక్కన చెట్టిపాళయంలో కరి మోటర్ స్పీడ్‌వే ఉంది కాబట్టి రేసుల మాట మాకు కొత్త కాదు. నాయన నవ్వాడు. "ఆ రూలు ఇంజిన్ కోసం కాదు పాపా. మలుపుల్లో ఆయిల్ ఎగిరి ట్రాక్ మీద పడితే వెనక వచ్చేవాడు జారతాడు. వాడి కోసం."

తర్వాత రెండు ఇంజిన్ల వాల్వులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి దాదాపు శుభ్రంగా ఉంది. దాంట్లో పెట్రోలు వాల్వు వెనకనే చిమ్ముతుంది, చిమ్మి కడిగేస్తుంది. రెండోదాంట్లో నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది, వాల్వును కడిగేవాళ్ళు లేరు. అడుగంటిన పాలగిన్నెలా నల్లగా పెచ్చు కట్టి ఉంది. అన్న బండి ఈ రెండో రకం. పైగా టర్బో. ఆయిల్ తుంపర ఇంటర్‌కూలర్ లోపల పూత పడుతుంది. మరీ ఎక్కువైతే ఇంజిన్ నాక్ అవుతుంది, అప్పుడు కంప్యూటర్ టైమింగ్ వెనక్కి లాగి బలం తగ్గిస్తుంది.

"మరి అన్న చెప్పిందీ అదే కదా?"

"మసి కోసం అంటే నేను కాదంటానా? పికప్ కోసం అన్నాడు."

ఆ ఒక్క మాట చెప్పడానికి మూడు వారాలు కావాలా అని నాకు కోపం వచ్చింది. ఇద్దరికీ నేనే ఫోన్ చేశాను, ఒకే ఇంట్లోంచి.

అన్న మొదట తెచ్చిన డబ్బాను నాయన తిరగ్గొట్టాడు. విప్పితే లోపల జల్లెడా లేదు, ఏమీ లేదు, వట్టి డబ్బా. పైన చిన్న ఫిల్టర్. పొగంతా బానెట్ కిందికే వదులుతుంది. రెండోసారి సరైనది తెచ్చాడు, రెండు గొట్టాలూ మూసిన దారిలోనే బిగించారు.

నెల తర్వాత విప్పి దగ్గుమందు మూతతో కొలిచాను. రెండు మూతలు నిండలేదు. వానాకాలంలో మాత్రం మజ్జిగలా తెల్లగా వచ్చింది, అందులో సగం నీళ్ళే. బండిని ఇంటికీ ఆఫీసుకూ మాత్రమే తిప్పితే ఇంజిన్ సరిగ్గా వేడెక్కక అలా అవుతుందని నాయన అన్నాడు. ఆ కాస్త ఆయిల్ ఆగినందుకు వాల్వులు ఎంత బాగున్నాయో ఇప్పుడే తెలియదు, విప్పి చూడాలంటే ఇంకా ఏళ్ళు పడుతుంది. మసి నెమ్మదిస్తుందే గానీ పూర్తిగా ఆగదట. పికప్ పెరిగిందని అన్న ఇప్పటికీ అంటాడు. ముందు సీట్లో కూర్చున్న నాకైతే ఏమీ తెలియలేదు.

డబ్బా నిండితే ఆయిల్ మళ్ళీ ఇంజిన్‌లోకే పోతుంది. ఖాళీ చేయడం అన్నకు గుర్తుండదు. అందుకే నెలకో ఆదివారం వాడు భోజనానికి వచ్చినప్పుడు నేనే బానెట్ ఎత్తుతాను. నాయన చేతులు కడుక్కుంటూ కిటికీలోంచి "ఎంత?" అని అడుగుతాడు.