నాలుగు రోడ్ల కూడలిలో నా వంతు

తెనాలి జంక్షనులో రైలు కూతలు వింటూ పెరిగినదాన్ని నేను. పద్ధెనిమిదేళ్ళపాటు రోజూ పొద్దున్నే బండెక్కి గుంటూరు వెళ్ళి, డిగ్రీ కాలేజీలో పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి, సాయంత్రం బండికి ఇల్లు చేరుకునేదాన్ని. బండి ఆలస్యమైతే బస్సు; బస్సు తప్పిపోతే షేరు ఆటో; ఊళ్ళో తిరగడానికి గేర్లు లేని స్కూటీ. ఎక్కడికైనా వెళ్ళాలంటే ఒకరిని బతిమాలి ఎరగను. అటువంటిదాన్ని, నలభై అయిదో ఏట, కొత్తిమీర కట్ట కోసం ఇంకొకరి తీరిక కనిపెట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఆ ముచ్చటే చెప్పబోతున్నాను.

మా ఆయన ఉద్యోగరీత్యా 2014లో అమెరికా వచ్చారు. అత్తగారు మంచాన పడటంవల్లా, నా ఉద్యోగంవల్లా నేనూ అమ్మాయీ తెనాలిలోనే వుండిపోయాం. అత్తగారు కాలం చేసిన తరువాత, నిరుడు, ఉద్యోగానికి స్వస్తి చెప్పి టెక్సాస్ రాష్ట్రంలోని ఫ్రిస్కో అనే ఊరు చేరుకున్నాం.

ఫ్రిస్కో డల్లాస్ నగరానికి ఉత్తరాన వున్నది. ఈ ఊరి పుట్టుక తెలిసినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో, ఇంజనుకు నీళ్ళు పట్టుకునే మజిలీగా ఇక్కడ ఊరు లేచింది. సెయింట్ లూయిస్-శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వేను జనం ముద్దుగా ‘ఫ్రిస్కో’ అనేవారు. ఆ ముద్దుపేరే ఊరికి స్థిరపడింది. 1908లో పురపాలక హోదా వచ్చింది. ఊళ్ళోంచి సాగిపోయే ప్రెస్టన్ రోడ్డు, పందొమ్మిదో శతాబ్దంలో పశువుల మందల్ని ఉత్తరాదికి తోలుకుపోయిన షానీ బాట వెంట వేసిందే. 1990లో ఆరువేల చిల్లర జనాభాగల పల్లె 2020 లెక్కలనాటికి రెండు లక్షలు దాటింది. అందులో మనవాళ్ళ సంగతి తెలుసుకోవాలంటే శనివారంనాడు ఇక్కడి కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళాలి. ప్రదక్షిణం చేసేవారి మాటలు వింటూ వుంటే గుంటూరులో వున్నామో, నల్లగొండలో వున్నామో తేల్చుకోవడం కష్టం.

అంతా బాగానే వున్నది. కాని రైలు పేరు పెట్టుకున్న ఈ ఊళ్ళో నేనెక్కే రైలు లేదు! డల్లాస్ చుట్టుపక్కల ఊళ్ళను కలుపుతూ ‘డార్ట్’ అనే సంస్థ రైళ్ళూ బస్సులూ నడుపుతున్నది. ఆ సంస్థలో ఫ్రిస్కో చేరలేదు. కాలిబాటలు అద్దాల్లా వున్నాయి. వాటిమీద నడిచేది కుక్కను తిప్పేవారూ, ఆ కుక్కా మాత్రమే. పచారీ దుకాణం మాకు మూడు మైళ్ళు. జూలైలో ఎండ, ఇక్కడి ఫారెన్‌హీటు లెక్కన, నూరు డిగ్రీలు దాటుతుంది.

ఒకనాడు అమ్మాయికి జ్వరం వచ్చిందని బడినుంచి ఫోను వచ్చింది. మా ఆయన డల్లాస్‌లో ఏదో సమావేశంలో వున్నారు. ఫోనులోనే టాక్సీ పిలిపించుకుని వెళ్ళాను. తిరిగిరావడానికి మళ్ళీ టాక్సీ పిలిచి, ఒళ్ళు కాలిపోతున్న పిల్లను భుజానికి ఆనించుకుని ఇరవై నిమిషాలు బడి ముందు నుంచున్నాను. తతిమ్మా తల్లులు కార్లు ఆపి, పిల్లల్ని ఎక్కించుకుని చక్కా పోతున్నారు.

“అమ్మా, నువ్వెప్పుడు నేర్చుకుంటావు?” అన్నది అమ్మాయి కళ్ళు మూసుకునే.

ఆ రాత్రే మా ఆయనతో చెప్పాను, “ఏమండీ, నాకు కారు లైసెన్సు కావాలి” అని.

లైసెన్సంటే ముందుగా కావలసింది కాగితాలు. పాస్‌పోర్టు, వీసా, దేశంలో అడుగుపెట్టిననాటి రికార్డు వున్నాయి. ఈ రాష్ట్రంలోనే కాపురమున్నట్టు రెండు రుజువులు కావాలన్నారు. ఇంటి అద్దె ఒప్పందం మా ఆయన పేర. కరెంటు బిల్లు మా ఆయన పేర. నా పేర ఈ దేశంలో ఒక్క బిల్లు కూడా లేదు! అందుకూ ఒక ప్రమాణపత్రం వున్నది. దానికి జతగా తెనాలి రిజిస్ట్రారు కచేరీలో ఇచ్చిన వివాహ పత్రం చూపించాము. “ఈమె నా ఇంట్లోనే వుంటున్నది” అని మా ఆయన సంతకం చేశారు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు ఈ సంగతి ప్రభుత్వంవారికి రుజువు చేయవలసివచ్చింది! ఇక్కడ అందరికీ వుండే సోషల్ సెక్యూరిటీ నెంబరు, భర్త వీసామీద వచ్చి ఉద్యోగానుమతి లేని నాబోటివారికి వుండదు. అది లేదని మరొక ప్రమాణం చేశాను.

తరువాత రాతపరీక్ష. ముప్పై ప్రశ్నలు, ఇరవై ఒకటి సరిగా చెబితే ఉత్తీర్ణత. ఇన్నేళ్ళూ పరీక్షలు పెట్టినదాన్ని, పరీక్షకు కూర్చోవలసివచ్చేసరికి అరచేతులు చెమర్చాయి. అయితే నాకు వ్యాకరణం అక్కరకు వచ్చింది. సంధులను నిత్యం, వైకల్పికం, నిషేధం అని విడదీసి నేర్పినట్టే రోడ్డు సూత్రాలను విడదీసుకున్నాను. ‘స్టాప్’ అని ఎర్రపలక కనిపిస్తే చక్రం పూర్తిగా నిలవవలసిందే - ఇది నిత్యం. ఎర్రదీపం దగ్గర పూర్తిగా ఆగి, ఎవరూ రాకపోతే, వద్దని పలక లేకపోతే, కుడివైపు తిరగవచ్చు - ఇది వైకల్పికం. బడి బస్సు ఎర్రదీపాలు మిటకరిస్తూ ఆగివుంటే దాన్ని దాటిపోవడం నిషేధం. ఎదురుగా వచ్చేవాళ్ళయినా సరే, నడుమ రోడ్డును విడదీసే అడ్డు లేకపోతే ఆగవలసిందే. ముప్పైకి ఇరవై ఎనిమిది వచ్చాయి. మా విద్యార్థులు చూస్తే సంతోషించివుందురు!

కారు నేర్పడానికి కుదిరిన ఆయన వియత్నాం దేశపు పెద్దమనిషి. డెబ్బై ఏళ్ళుంటాయి. మొదటినాడు నేను ఠీవిగా తలుపు తీసి, కుడివైపు కూర్చుని, స్టీరింగు కోసం చూస్తూ వుంటే ఆయన నవ్వలేదు. “మొదటిరోజు నేనూ అట్లాగే వెతికివుంటే బాగుండేది, నాకు కారే లేదు” అన్నాడు. యుద్ధమయిన తరువాత పడవలో దేశం విడిచి, శరణార్థుల శిబిరంలో రెండేళ్ళుండి ఇక్కడికి వచ్చాడట.

ఆయన అన్నింటికన్న ఎక్కువసార్లు చేయించిన అభ్యాసం నాలుగు రోడ్ల కూడలి. ఈ కూడళ్ళు ఇక్కడి పేటల్లో అడుగడుగునా వున్నాయి. దీపం వుండదు, పోలీసు వుండడు. నాలుగు దిక్కులా నాలుగు ఎర్రపలకలు మాత్రం వుంటాయి. అందరూ ఆగుతారు. ముందు వచ్చి ఆగినవారు ముందు వెళతారు. ఇద్దరూ ఒక్కసారే వస్తే కుడిచేతివైపున్నవారు ముందు. అంతే సూత్రం. కోటీశ్వరుడి కారయినా, గడ్డి కోసేవాడి ట్రక్కయినా తన వంతుకోసం ఆగుతుంది. మొట్టమొదటిసారి చూసినప్పుడు నాకు నిజంగా చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. మా తెనాలి గేటు దగ్గర ఎవరు ముందు వచ్చారన్నది ఎవరికి పట్టింది కనుక!

డ్రైవింగు పరీక్ష రోజు వచ్చింది. పక్కన ఒక నడివయసు స్త్రీ కాగితాలు పట్టుకుని కూర్చున్నది. రెండు కార్ల మధ్య ఇరికించే విద్యలో వెనకచక్రం గట్టుకు తగిలింది. సరేలే అనుకున్నాను. తరువాత నాలుగు రోడ్ల కూడలి. ముందు వచ్చింది నేనే. కాని ఎదురుగా వున్న ముసలాయన వెళ్ళాలనుకుంటున్నాడేమోనని చెయ్యి ఊపి, “మీరు పొండి” అన్నాను. ఆయన పోయాడు. కుడివైపున పిల్లలున్న కారు, వాళ్ళనూ పొమ్మన్నాను. ఇంకో కారు. వెనక ఎవరో హారన్ కొట్టారు. తీసివేసిన మార్కులు ముప్పై దాటాయి; పరీక్ష పోయింది.

ఆమె కాగితం నా చేతికిచ్చి, “మీరు మంచివారు. కాని మీ వంతు వచ్చినప్పుడు మీరు కదలకపోతే, మిగతావాళ్ళకు ఏం చెయ్యాలో తోచదు. వంతు తీసుకోవడం కూడా నియమమే” అన్నది.

ఇంటికి వచ్చి దిగాలుగా కూర్చున్నాను. ఆ రాత్రి మా ఆయన నెలనెలా చేసే పని చేస్తున్నారు - అమెరికా విదేశాంగశాఖవారు ప్రకటించే వీసాల పట్టిక చూస్తున్నారు. శాశ్వత నివాసానికి, అంటే ‘గ్రీన్ కార్డు’కు, ఆయన కంపెనీ తరఫున పడిన అర్జీ తేదీ 2016. ఆ పట్టిక ఇంకా మా తేదీ దాకా రాలేదు. ఒక్కొక్క నెల నాలుగు వారాలు ముందుకు జరుగుతుంది, ఒక్కొక్కప్పుడు కదలదు, ఒక్కొక్కసారి వెనక్కి కూడా పోతుంది. వెనక్కి పోయే వరస నేనిక్కడే చూశాను.

దీని మర్మం 1990నాటి చట్టంలో వున్నది. ఉద్యోగాలద్వారా వచ్చేవారికి, వారి భార్యాపిల్లలతో కలిపి, ఏడాదికి సుమారు 1,40,000 కార్డులు. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికయినా నూటికి ఏడుకు మించకూడదు - అది ఐస్‌లాండ్ అయినా, ఇండియా అయినా. ఒకే దేశంవారు అన్నీ పట్టుకుపోకూడదన్న న్యాయం అందులో వున్నదంటారు, కాదనను. కాని మా ఆయన పక్కబల్ల దగ్గర పనిచేసే పోలండ్ దేశస్థుడు అదే సంవత్సరం అర్జీ పెట్టి, కార్డు తెచ్చుకుని, పౌరుడయి, 2024లో ఓటు కూడా వేశాడు. పాపం, అతను మాకు మిఠాయి తెచ్చి పెట్టాడు. అతని తప్పేమున్నది?

అప్పుడు నాకు ఆ నాలుగు రోడ్ల కూడలి గుర్తుకు వచ్చింది. అక్కడ ఎవరు ముందు వచ్చారని అడుగుతారేగాని, ఎక్కడ పుట్టారని అడగరు. ఈ వరుసలో రెండో ప్రశ్నే పెద్దది. మాకు నిరీక్షణ కొత్త కాదు. పదేళ్ళు అయింది, ఇంకా కొన్నేళ్ళు ఆగగలం. కాని అమ్మాయికి పదిహేను. ఇరవై ఒకటి నిండితే ఆమె మా అర్జీ నీడలోనుంచి జారిపోతుంది. తన దారి తాను వెతుక్కోవాలి. ఆమె బడిలో ఎంత బాగా చదివినా ఈ లెక్క మారదు.

నేను ఈ మాటే పైకి అంటే మా ఆయన పట్టిక మూసేసి, “ఆరేళ్ళనాటి సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ వెనకచక్రం గట్టుకు తగలకుండా చూడు” అన్నారు. ఆయన గొంతులో నవ్వు వున్నదిగాని, ముఖంలో లేదు.

మూడు వారాల తరువాత మళ్ళీ పరీక్షకు వెళ్ళాను. ఈసారి చక్రం గట్టుకు తగలలేదు. కూడలి దగ్గర ఆగాను. నా వంతు వచ్చింది. వెళ్ళాను.

కార్డు టపాలో వచ్చింది. పటంలో నేను దొంగతనం చేసి పట్టుబడినదానిలా వున్నాను; అది అందరికీ వున్నదే. ఈ దేశపు పౌరులకు సాధారణంగా ఎనిమిదేళ్ళ గడువు. నా కార్డుమీద ‘లిమిటెడ్ టర్మ్’ అని అచ్చువేసివున్నది. గడువు, నా వీసా కాగితంమీద వున్న తేదీనాటికి సరి. రెండేళ్ళు కూడా లేదు. భూతం, భవిష్యత్తు, వర్తమానం, తద్ధర్మం అని పిల్లలకు పాఠం చెప్పాను. ‘పరిమిత కాలం’ అనేదాన్ని ఇక్కడే నేర్చుకున్నాను. వీసా పొడిగించినప్పుడల్లా ఈ కాగితాలన్నీ పట్టుకుని మళ్ళీ ఆ కచేరీకి వెళ్ళాలి. మా ఆయన నేను తన ఇంట్లోనే వుంటున్నానని మళ్ళీ సంతకం చేయవలసివస్తుందో ఏమో!

మర్నాడు సాయంత్రం అమ్మాయిని తీసుకురావడానికి ఒక్కదాన్నే బడికి వెళ్ళాను. పిల్లల్ని ఎక్కించుకునే కార్ల వరుసలో నుంచున్నాను. అమ్మాయి దూరంనుంచి చూసి, నమ్మలేనట్టు ఒక్క క్షణం ఆగి, పరుగెత్తుకుంటూ వచ్చి ముందు సీట్లో కూర్చున్నది.

దారిలో నాలుగు రోడ్ల కూడలి. మూడు దిక్కులా మూడు కార్లు ఆగాయి. ముందు వచ్చింది మేము. ఎవరివంకా చూడకుండా నింపాదిగా కూడలి దాటాను.

“అమ్మా, ఈసారి చెయ్యి ఊపలేదే!” అన్నది అమ్మాయి. కాసేపు ఊరుకుని, “ఇక్కడ పదిహేనేళ్ళకే నేర్చుకునే లైసెన్సు ఇస్తారట. నా కాగితాలు ఎప్పుడు పెడదాం?” అని అడిగింది.

“ముందు కొత్తిమీర కొనుక్కుని వెళదాం” అని కారును పచారీ దుకాణంవైపు తిప్పాను.