డాబాగార్డెన్స్ నుంచి అరకు దాకా: మబ్బుల నడుమ చుక్కల యాత్ర

విశాఖపట్నం ఆకాశాన్ని చూడదలచిన యాత్రికుడు తన ప్రయాణాన్ని డాబాగార్డెన్స్‌లో ప్రారంభించడం సముచితం. దుకాణాలతో, వాహనాలతో కిక్కిరిసిన ఈ పేటలోనే 1840లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత ఖర్చుతో ఒక వేధశాలను, అంటే గ్రహనక్షత్రాల స్థానాలను పరికరాలతో కొలిచి నమోదు చేసే నిలయాన్ని, నెలకొల్పాడు. 1817లో పుట్టిన జగ్గారావు మద్రాసు వెళ్ళి, అక్కడి వేధశాల అధిపతి థామస్ గ్లాన్‌విల్ టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం అభ్యసించి వచ్చినవాడు. ఆయన దూరదర్శిని కటకం వ్యాసం 4.8 అంగుళాలు, అంటే సుమారు 122 మిల్లీమీటర్లు. నేడు ఒక ఉపాధ్యాయుడో, బ్యాంకు ఉద్యోగో కొంత కూడబెట్టి కొనుక్కునే టెలిస్కోపు కూడా ఇంచుమించు ఇంతే ఉంటుంది కనుక, చిన్న పరికరంతో ఏమి సాధ్యమవుతుందన్న ప్రశ్నకు ఈ ఊరి చరిత్రలోనే సమాధానం దొరుకుతుంది.

1856లో జగ్గారావు మరణించిన తర్వాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగాన్ని వదులుకుని వేధశాల బాధ్యతను స్వీకరించాడు. 1868 నవంబరులో బుధ గ్రహం, 1874 డిసెంబరు 9న శుక్ర గ్రహం సూర్యబింబం మీదుగా చిన్న నల్లచుక్కల్లా కదిలిపోయినప్పుడు (దీనినే గ్రహసంక్రమణం అంటారు) ఆయన విశాఖపట్నం నుంచి వాటిని పరిశీలించి, ఆ వివరాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపాడు. 1871లో ఆ సొసైటీ ఆయనను సభ్యుడిగా చేర్చుకుంది. తర్వాత ఇంగ్లండులోని కుక్ సంస్థ తయారుచేసిన 6 అంగుళాల దూరదర్శిని కూడా ఇక్కడికి చేరింది. ఆయన పేరు నేటికీ నగరంలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల పేరులో వినిపిస్తున్నా, ఆ పేరు వెనుక ఒక ఖగోళ పరిశీలకుడు ఉన్నాడని తెలిసినవారు తక్కువ. నక్షత్రాలతోపాటు వాన, గాలి, ఉష్ణోగ్రతల లెక్కలు కూడా ఈ వేధశాలలో క్రమం తప్పకుండా నమోదయ్యేవి. ఆకాశం మీద భరోసా లేని తీరప్రాంతంలో చుక్కలు చూసేవాడు వాతావరణాన్ని చదవడం కూడా నేర్చుకోక తప్పదని ఈ జోడింపు తెలుపుతుంది.

డాబాగార్డెన్స్ నుంచి బీచ్ రోడ్డు ఎంతో దూరం లేదు. సాయంకాలపు జనం, సముద్రపు హోరు, మిరపకాయ బజ్జీల బండ్లు, తెల్లని దీపాల వరుసల నడుమ దూరదర్శినికి చోటెక్కడన్న సందేహం సహజమే గాని, చంద్రుడు, గురుడు, శని వంటి ప్రకాశవంతమైన గోళాలకు నగరపు వెలుగు పెద్దగా అడ్డు రాదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో సన్యాసిగా జీవించిన జాన్ డాబ్సన్, చెక్కపెట్టెలో కూర్చోబెట్టి చేత్తో అటూ ఇటూ, కిందికీ పైకీ తిప్పగలిగే అద్దపు దూరదర్శినిని రూపొందించి, కాలిబాటల మీద దారిన పోయేవారికి చంద్రుణ్ణి చూపించాడు. విశాఖకు ఈ నమూనా ఎంతో తగినది. ఇక్కడ ధ్రువ నక్షత్రం దిగంతానికి సుమారు 18 డిగ్రీల ఎత్తులోనే ఉండటం వల్ల, సింహాచలం, కైలాసగిరి కొండల పాదాల దగ్గరి కాలనీలనుంచి అది తరచు కొండచాటునో, తీరపు మంచుపొరలోనో పోతుంది. దానికి గురిపెట్టి అమర్చవలసిన ధ్రువాక్ష పీఠం, అంటే భూభ్రమణానికి అనుగుణంగా నక్షత్రాన్ని వెంబడించే పీఠం, సర్దుకునేలోపే మబ్బు కమ్ముతుంది. డాబ్సన్ పీఠం మాత్రం నేల మీద పెట్టిన మరుక్షణమే పనికి సిద్ధం.

తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ కనుక ఆకాశం స్వచ్ఛత తక్కువ. మసక నెబ్యులాలు, గెలాక్సీలు ఇక్కడ దొరకవు. స్వచ్ఛతకు తోడు పరిశీలకుడు పట్టించుకోవలసిన గుణం మరొకటి ఉంది, అది గాలి నిలకడ. పారే నీటి అడుగున గులకరాళ్ళు వణికినట్టు, వాతావరణపు పొరల్లో అలజడి ఉన్నప్పుడు గ్రహబింబం వణుకుతుంది. గాలి పడిపోయి ఉక్కపోసే రాత్రుల్లో ఆ వణుకు తగ్గి, గురుడి పట్టీలు, శని వలయాల అంచులు స్థిరంగా నిలుస్తాయి. జంటనక్షత్రాలూ ఇటువంటి రాత్రికి తగినవే. పెళ్ళిలో వధూవరులకు చూపించే వశిష్ఠుడు, అరుంధతి మామూలు కంటికి రెండు చుక్కలు. చిన్న దూరదర్శినిలో వశిష్ఠుడే రెండుగా విడిపోయి కనిపిస్తాడు. విశాఖలో మూడంగుళాల టెలిస్కోపుతో మొదలుపెట్టే పిల్లలకు తొలి దృశ్యంగా చూపడానికి ఇంతకన్నా దగ్గరిది లేదు.

బీచ్ రోడ్డు నుంచి ఓడరేవు మీదుగా సింధియా దాటి, కొండదారిలో యారాడ వైపు సాగే ప్రయాణంలో నగరపు వెలుగులకు కారణమైనవన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయి. 1933లో ఓడల రాకపోకలు మొదలైన రేవులో రాత్రంతా క్రేన్లు పనిచేస్తాయి. నైరుతిన గాజువాక అవతల, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం కొలుముల కాంతి మబ్బుల అడుగుభాగాన్ని ఎర్రగా వెలిగిస్తుంది. వేలాది కుటుంబాలకు అన్నం పెట్టే ఈ వెలుగును నిందించడం తగదు. అయితే వీధిదీపాల సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని ఛిద్రం చేసిన తర్వాత పాత దీపాల స్థానంలో ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి. వాటివల్ల కరెంటు ఆదా అయినా, తెల్లని కాంతిలో నీలి భాగం ఎక్కువగా ఉండి, అది గాలిలో మిగతా రంగులకన్నా ఎక్కువగా చెదరుతుంది కనుక, మూత లేని ప్రతి దీపమూ ఆకాశాన్ని మరికొంత తెల్లబరుస్తుంది.

డాల్ఫిన్స్ నోస్ కొండ నౌకాదళ పరిధిలో ఉన్నందున అక్కడ పరికరాలు దించడం కుదరదు. కొండకు ఆవల, మూడు వైపులా గుట్టలూ ఒక వైపు సముద్రమూ ఉన్న యారాడ ప్రాంతంలో, అనుమతి ఉన్న చోట రాత్రి గడపగలిగితే, విశాఖ ఆకాశపు అసలు సంపద అర్థమవుతుంది. ఉత్తర భారతీయులకు దిగంతాన్ని అంటిపెట్టుకుని కనిపించే అగస్త్య నక్షత్రం ఇక్కడ దాదాపు 20 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది. ఏప్రిల్ నడిరాత్రి దక్షిణాన సముద్రం మీద ఒమేగా సెంటారీ, అంటే లక్షలాది నక్షత్రాలు బంతిలా గుమిగూడిన సమూహం, మామూలు కంటికి మసక మరకగా, ఆరంగుళాల దూరదర్శినిలో ఇసుక చల్లినట్టుగా అగుపిస్తుంది. దానికి కిందుగా దక్షిణ శిలువ మెరుస్తుంది. కటకం మీద మంచు పేరుకోవడం ఇక్కడి నిత్య సమస్య. అట్టతో చుట్టిన గొట్టాన్ని కటకం ముందు తొడిగితే చాలాసేపు ఆగుతుంది, ఉప్పుగాలికి లోహభాగాలు తుప్పు పట్టకుండా ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడవాలి. సాయంత్రం సముద్రం మీది నుంచి వీచే గాలి రాత్రి ముదిరేకొద్దీ తరచు నేల వైపు నుంచి మళ్ళుతుంది. అప్పుడు మబ్బులు సముద్రం మీదికి జరిగి, అర్ధరాత్రి దాటాక ఆకాశం విచ్చుకుంటుంది. మొదటి జాములోనే నిరాశతో పెట్టె సర్దేసేవారు పోగొట్టుకునేది ఈ ఘడియలనే.

నగరానికి సుమారు 110 కిలోమీటర్ల దూరంలోని అరకులోయకు సొరంగాల దారిలో రైలెక్కి వెళ్ళేవారికి మరో ఆకాశం లభిస్తుంది. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఉన్న ఈ లోయలో తీరపు తేమ, దుమ్ము చాలావరకు కిందనే మిగిలిపోతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున పొగమంచు లోయను నింపేస్తుంది కాబట్టి రాత్రి తొలి సగాన్నే నమ్ముకోవాలి. ఆ వేళల్లో కృత్తికలు, ఓరియన్ కత్తిలోని నెబ్యులా చిన్న దూరదర్శినిలోనూ నగరంలో ఎన్నడూ చూపని వివరాలు చూపుతాయి. పాలపుంతలో అత్యంత కాంతివంతమైన ధనుస్సు, వృశ్చిక రాశుల భాగం నడిరాత్రి తన గరిష్ఠ ఎత్తుకు చేరేది సరిగ్గా నైరుతి రుతుపవనాలు ముసిరే జూన్, జులై నెలల్లో. అందువల్ల ఉత్తరాంధ్ర పరిశీలకుడు దాన్ని మార్చి, ఏప్రిల్ నెలల్లో వేకువజామున నిద్రమాని చూడాలి.

వర్షాకాలం ఎల్లప్పుడూ శత్రువేమీ కాదు. 1868 ఆగస్టు 18న రుతుపవనాల నడుమ వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ చూడగలిగారు. తర్వాత హీలియం అని పేరుపొందిన మూలకం జాడ ఆ గ్రహణంతోనే శాస్త్రలోకం దృష్టికి వచ్చింది. మబ్బు వస్తుందని పరికరం విప్పకుండా ఉండి ఉంటే తెలుగు నేలకు ఆ ఖ్యాతి దక్కేది కాదు.

విశాఖవాసులకు విన్నపం ఒక్కటే: చేతితో మోయగలిగిన దూరదర్శినిని ఎంచుకోండి, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మబ్బు విచ్చుకున్న ప్రతి రాత్రీ దాన్ని మేడ మీదికి తీసుకెళ్ళండి, మీ వీధిదీపాలకు కాంతిని నేలకు దించే మూతలు బిగించమని నగరపాలక సంస్థను అడగండి.