ఆరడుగుల మగాడికేం?

2018 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఒక వార్త వేసింది. మారియో టెస్టినో, బ్రూస్ వెబర్ అనే పేరుమోసిన ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్లు తమతో అసభ్యంగా ప్రవర్తించారని పలువురు మగ మోడళ్ళు చెప్పారు. ఇద్దరూ ఖండించారు. వోగ్ పత్రికవాళ్ళు మాత్రం వాళ్ళకు పని ఇవ్వడం ఆపేశారు.

మా ఇంట్లో ఆ వార్తకు మొదట వినిపించింది నవ్వు. ‘ఆరడుగుల మగాడు, ఒక్కటి పీకలేడూ!’ అన్నారు మావారు. అంతకు మూడు నెలల ముందు హాలీవుడ్ నటీమణుల గోడు చదివి ‘పాపం’ అన్నదీ ఆయనే.

పీకితే? ఆ కుర్రాడికి నెలజీతం లేదు. ఫోటోగ్రాఫరు పిలిస్తేనే పని, కాదంటే ఇంకొకడు సిద్ధం. పైగా అక్కడ బట్టలు విప్పి మార్చుకోవడం పనిలో భాగమే. హద్దు ఎక్కడ దాటిందో ఇరవయ్యేళ్ళవాడికి వెంటనే తెలుస్తుందా?

‘మరి ఇన్నాళ్ళూ ఏం చేశారట?’ అన్నారు. టెర్రీ రిచర్డ్‌సన్ అనే మరో ఫోటోగ్రాఫర్ మీద 2010లోనే అమ్మాయిలు బాహాటంగా చెప్పారు. ఆయనా కాదన్నాడు. వోగ్ ప్రచురించే సంస్థ ఆయన్ని పక్కన పెట్టింది 2017లో!

డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి ఇదంతా వింటూనే ఉన్నాడు, ఒక్క మాటా అనలేదు. రేపు వాడికేదైనా జరిగితే మనకు చెప్తాడంటారా? ఆ రాత్రి ఆయన్ని అదే అడిగాను. చాలాసేపు పలకలేదు.