కొత్త టైరు... ముందుకా, వెనక్కా?

సైకిలుకు రెండు చక్రాలు. రెండు టైర్లూ ఒకేసారి అరగవు. ముందుగా అరిగేది వెనకదే. మరి ఒక్క కొత్త టైరుకే డబ్బులుంటే దాన్ని ఎక్కడ వేయించాలి? 'అరిగిన చోటే వేయించాలి, ఇందులో ఆలోచించడానికి ఏముంది' అంటారు చాలామంది. బుగ్గారంలో ఓ తండ్రి ఇంకో అడుగు ముందుకేశాడు. అసలు కొత్త టైరే కొననక్కర్లేదన్నాడు!

జగిత్యాల జిల్లాలో ఎన్నో ఇళ్లలాగే ఆ ఇంటికీ ఓ గల్ఫ్ కథ ఉంది. ఆయన పన్నెండేళ్లు దుబాయిలో ఒక్కో దిర్హం లెక్కపెట్టుకుంటూ బతికాడు. తిరిగొచ్చాక, ఫోన్లో ఎప్పుడో మాటిచ్చిన గేర్ల సైకిలు కొడుక్కి కొనిపెట్టాడు. లావు టైర్లు, వాటి నిండా గుబ్బలు. పొలం దారిలో, మొరం బాటలో, చెరువు కట్ట మీద... ఎక్కడైనా ఉరికే సైకిలు. రెండేళ్లు తిరిగేసరికి వెనక టైరు నున్నబడిపోయింది.

'ముందటిది మంచిగనే ఉన్నది గదా. దాన్ని ఎనుకకెయ్యి. ఎనుకది ముందటికెయ్యి. ఇంకో ఏడాది ఎళ్తది' అన్నాడు తండ్రి. ఆయన చిన్నప్పుడు సైకిల్ టాక్సీ దుకాణాల్లో చూసిన పద్ధతే అది. మిస్త్రీ కూడా మారుమాట్లాడకుండా మార్చేశాడు.

వారం తిరక్కుండానే పిల్లాడు మోచేయి చెక్కుకుపోయి, మణికట్టు వాచిపోయి ఇంటికొచ్చాడు. తారు రోడ్డు మీంచి మొరం బాటలోకి తిరుగుతుంటే చక్రం జారిందట. 'ముందటిది జారింది బాపూ... ఎనుకది జారితే కాలు పెట్టి ఆపుకుందును' అన్నాడు. ఆ ఒక్క మాటలో అసలు విషయమంతా ఉంది.

అగ్గిపెట్టెంత జాగా!

వెనక చక్రం జారితే సైకిలు కాస్త పక్కకు ఒరుగుతుంది. హ్యాండిల్ మన చేతిలోనే ఉంటుంది కాబట్టి సర్దుకునే వీలుంటుంది. ముందు చక్రం జారితే ఆ హ్యాండిలే చేయిదాటిపోతుంది. కళ్లు మూసి తెరిచేలోగా మనిషి కిందుంటాడు. పైగా బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు తోసుకొస్తుంది. అంటే సైకిలును ఆపే పనిలో ఎక్కువ భాగమూ, మలుపు తిప్పే పనీ ముందు టైరువే. వెనక టైరు తొక్కుడు బలాన్నీ, మనిషి బరువులో ఎక్కువ వాటానూ మోస్తుంది. అది ముందుగా అరగడానికి కారణం అదే.

ఓ చిన్న లెక్క చూద్దాం. మనిషి 60 కిలోలు, సైకిలు 15 కిలోలు అనుకుంటే మొత్తం 75. అందులో ముందు చక్రం మీద పడేది సుమారు 30 కిలోలు. టైరులో 40 పౌండ్ల గాలి ఉంటే, అది నేలను తాకే జాగా దాదాపు పది చదరపు సెంటీమీటర్లు. అంటే అగ్గిపెట్టె కంటే చిన్నది! పిల్లాడి ఎముకలన్నీ ఆ కాస్త రబ్బరు మీదే ఆధారపడి ఉన్నాయన్నమాట. అది నున్నగా ఉండొచ్చా?

అందుకే సైకిళ్ల గురించి బాగా తెలిసినవాళ్లు చెప్పేది తండ్రి చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. కొత్త టైరు ఎప్పుడూ ముందుకే. ముందున్న పాతది ఇంకా బాగుంటే వెనక్కి. వెనకున్న అరిగిందాన్ని అవతల పారేయడమే.

కొడుకు కోసమే...

గాలి టైరు ఇన్ని సైకిళ్లకు ఎక్కడానికి కారణమూ ఓ తండ్రే. బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరుగా ఉన్న జాన్ బాయిడ్ డన్లప్, తన కొడుకు మూడు చక్రాల బండి గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంటే చూడలేక రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు.

లావు టైర్ల కొండ సైకిళ్లది ఇంకా చిత్రమైన పుట్టుక. అమెరికాలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాతకాలపు బెలూన్ టైర్ల సైకిళ్లను తుక్కులోంచి ఏరి తెచ్చుకుని, కొండ మట్టిదారుల్లో కిందికి పందేలు వేసుకునేవారు. 1976లో మొదలైన అలాంటి ఓ పందెం పేరు 'రీప్యాక్'. దిగేసరికి వెనక బ్రేకులోని గ్రీజంతా కాగి ఆవిరైపోయేది, మళ్లీ నింపుకోవాల్సి వచ్చేది. అందుకే ఆ పేరు.

ఏది కొనాలి?

బుగ్గారం చుట్టుపక్కల దారులు ఒక్క తీరుగా ఉండవు. ఊరి నుంచి ఊరికి తారు, వాడల్లో సిమెంటు, పొలాలకు మొరం, వాన పడితే నల్లరేగడి బురద. వీటన్నిటికీ పనికొచ్చే టైరు కావాలంటే దాని నడిమి భాగాన్నీ, అంచుల్నీ విడివిడిగా చూడాలి. నడుమ గుబ్బలు పొట్టిగా, దగ్గరదగ్గరగా ఉంటే తారు మీద తేలిగ్గా దొర్లుతుంది. అంచుల్లో పెద్దగా, గట్టిగా, ఎడం ఎడంగా ఉంటే మలుపులో మొరాన్ని పట్టుకుంటుంది. అంతటా పెద్ద గుబ్బలున్నది చూడ్డానికి జోరుగా ఉంటుంది కానీ తారు మీద హోరుమంటుంది, కాళ్లు లాగేస్తుంది, త్వరగా అరుగుతుంది. గుబ్బలు మరీ దగ్గరగా ఉంటే రేగడి మధ్యలో ఇరుక్కుని ఊడిరాదు. అప్పుడు ఎంత కొత్త టైరైనా నున్నటిదే!

వెడల్పు 2 నుంచి 2.25 అంగుళాల మధ్య ఉంటే అన్నిటికీ సరిపోతుంది. కాకపోతే ఫోర్కులో, మడ్‌గార్డు కింద పట్టాలి. వెనకదాని కన్నా ముందుది కాస్త వెడల్పున్నా ఇబ్బంది లేదు, మేలే.

కొలత దగ్గర చాలామంది బోల్తా పడుతుంటారు. 26 అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. '26 × 2.10' అని దశాంశంలో ఉన్నది వేరు, '26 × 1 3/8' అని భిన్నంలో ఉన్నది వేరు. ఒకదాని రిమ్ముకు రెండోది పట్టదు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో '54-559' లాంటి అంకె ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. ఆ రెండో అంకె కలిస్తే చాలు, మోసపోయే ప్రసక్తే లేదు. 27.5 అంగుళాల సైకిలుకైతే అది 584, 29కి 622. బిగించేటప్పుడు టైరు మీద బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే వైపుకే ఉందో లేదో చూడాలి.

గాలి సంగతీ అంతే. రాయిలా కొట్టించుకుంటే తారు మీద హాయిగానే ఉంటుంది, మొరంలోకి దిగగానే ఎగిరెగిరి పట్టు తప్పుతుంది. 60 కిలోల మనిషికి ఇలాంటి లావు టైరులో 35 నుంచి 40 పౌండ్లు చాలు, ముందు దాంట్లో రెండు మూడు తక్కువైనా ఫర్వాలేదు. మరీ తగ్గితే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పంక్చరవుతుంది. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఎలాగూ వదలవు. అమెరికాలో కొండ సైకిళ్లవాళ్లూ ఈ పల్లేరు కాయలతోనే వేగుతుంటారు! అందుకని ముల్లు దిగకుండా లోపల అదనపు పొర ఉన్న టైరు దొరికితే, బరువు కాస్త ఎక్కువైనా తీసుకోవడం మంచిది.

అన్నీ చూసి కొన్నా ఒక్కదాని ముందు ఏ టైరూ పనిచేయదు. కోతల కాలంలో తారు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మక్కలు. గింజలు టైరు కింద గోలీల్లా దొర్లుతాయి. అక్కడ హ్యాండిల్ తిప్పకుండా, ముందు బ్రేకు నొక్కకుండా నిదానంగా దాటాలి, లేదంటే దిగి నడిపించుకెళ్లాలి.

బుగ్గారం తండ్రి ఆ వారమే జగిత్యాల వెళ్లాడు. దుకాణంలో టైరు తిప్పి తిప్పి చూసి, అంచు గుబ్బల్ని వేలితో నొక్కి, '559 ఉన్నదా' అని అడిగి మరీ కొన్నాడు. బేరం కూడా చేశాడు. పన్నెండేళ్ల అలవాటు అంత తొందరగా పోతుందా మరి. కాకపోతే ఆ పొదుపు ఇప్పుడు వెనక చక్రానికి మారింది, అంతే!