దరియా

ఉర్దూ మీడియం బడిలో ‘దరియా’ అనే లఫ్జ్ వందసార్లు రాసుంటాను. మా బోనకల్‌లో చూసింది మాత్రం సాగర్ కాలువే. డిగ్రీలో ఉండగా, ఓ వానాకాలం దోస్తులతో భద్రాచలం వెళ్లి మొదటిసారి గోదావరిని చూశాను. బ్రిడ్జి మీద బస్సు అగ్గిపెట్టెంత! ‘సుభానల్లాహ్’ తప్ప నోట మాట రాలేదు. 1986 ఆగస్టు వరదలో ఇక్కడే 75.6 అడుగులకు లేచిన నీరు ఇది.

దోస్తులు రాములవారి దర్శనానికి కదిలారు. నేను ఘాట్ మెట్లమీదే ఆగిపోయాను. జొహర్ వేళైంది. గోదారి నీళ్లతోనే వజూ చేసి, పైమెట్టు మీద రుమాలు పరిచి నమాజ్ చదివాను. సలాం తిప్పి చూస్తే, గుడికి పోయాడనుకున్న దోస్తు నా చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"నీళ్లు మెట్టు ఎక్కుతున్నాయిరా, కొట్టుకుపోతాయని..."

"మరి దర్శనం?"

"రాముడెక్కడికి పోతాడు? పద, ఇద్దరం చాయ్ తాగొద్దాం."